ఆరో నెలల ఈసుకపోయిన ఆవు: దాని పెయ్యను ఉంచుకోవాల్నా, అమ్మాల్నా?

మునుగోడు పాడి:
అన్నలకు అక్కలకు నమస్తే. మాది మునుగోడు దగ్గర పల్లె. నాలుగు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు, రెండు ముర్రా బర్రెలు ఉన్నయి, పాలు ఊర్లె సెంటర్ల పోస్తం. అండ్ల ఒక ఆవు మొదటి ఈతల మంచిగ ఈనింది, పెయ్య పుట్టింది, ఆ పెయ్యకు ఇప్పుడు ఏడాదిన్నర ఉంటది. తర్వాత సూడి కట్టింది గాని ఆరో నెలల ఈసుకపోయింది, సరే ఎండకాలం కదా అనుకున్నం, మల్ల సెమన్ సూది ఏపిచ్చినం, కట్టింది, మొన్న మల్ల అదే టైముకు పోయింది. ఆవుకు జ్వరం లేదు, మేత మానలే, ముందు రోజు సాయంత్రం కూడ పాలిచ్చింది. పొద్దుగాల కొట్టంల చూస్తే దూడ పడి ఉన్నది, కుక్కపిల్లంత ఉన్నది, కనుబొమ్మల మీద, మూతి మీద మాత్రమే సన్నగ వెంట్రుకలు, ఒళ్లు మెత్తబడి ఉంది, లోపలనే చచ్చి కొన్ని రోజులైనట్టు. మాయ కూడ పడ్డది గాని మేము గుంత తీసేలోపలనే ఊరకుక్కలు గుంజుకపోయినయి.

డాక్టర్ వచ్చి చూసి నియోస్పోరా అనే పరాన్నజీవి కావొచ్చు, కుక్కల నుంచి వస్తది, తల్లి కడుపుల నుంచే పిల్లకు ఎక్కుతది అన్నడు, బ్రూసెల్లాకు రక్తం తీసుకపోయిండు. ఆయనకు తొందర ఉండె, నాకు మొత్తం అడగనీకె కాలే. ఇప్పుడు నా డౌటు పెయ్య గురించి. చూస్తే దిట్టంగ ఉన్నది, ఎదకు కూడ వస్తున్నది, వచ్చే నెల సూది ఏపిద్దామనుకున్న. తల్లికి ఉంటే దీనికి కూడ ఉన్నట్టేనా? ఇది కూడ ఆరో నెలల పోగొడతదా? ఇంకోటి, నట్టల మందు తాగిపిస్తే ఈ పరాన్నజీవి పోతదా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

చిట్యాల పెద్దరైతు:
తమ్మీ, ఈ కొత్త పేర్లన్ని తర్వాత, ముందు బ్రూసెల్లా రిపోర్టు రానీ. మా కాలంల ఈసుకపోయే రోగమంటే అదే. ఆవు ఆరు ఏడు నెలలు దాటినంక పోతది, మాయ లోపలనే ఉండిపోతది, చెయ్యి పెట్టి తీసినోనికి జ్వరం పట్టుకుంటది. మా పక్కింటాయనకు సాయంత్రమైతే జ్వరం, నడుము నొప్పి, చెమటలు, నెలల తరబడి తిరిగినా ఏందో తెల్వలే, చివరికి పశువుల నుంచి వచ్చిందని తేలింది. అందుకే రిపోర్టు వచ్చేదాక ఆ కొట్టంల ఉత్త చేతులతో ఏం ముట్టకు, పాలు కాగపెట్టకుండ ఎవరికీ ఇయ్యకు. గడ్డి మీద పడ్డ నీరు, నెత్తురు అంత సున్నం చల్లి కడిగినవా లేదా? మాయ పడ్డది అన్నవు కాబట్టి కొంచెం నయం, అయినా నమ్మలేం.

నల్లగొండ పశువుల డాక్టర్ (రిటైర్డ్):
పెద్దాయన చెప్పింది నూటికి నూరు కరెక్టు, బ్రూసెల్లా కాదని తేలినంకనే మిగతా ముచ్చట. ఎందుకంటే అది మనిషికి ఎక్కే రోగం, నియోస్పోరా మనిషికి వచ్చినట్టు ఇప్పటిదాక రుజువు లేదు. ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం భయం పోతది.

ఇగ నీ ప్రశ్నకు వద్దాం. ఇది నట్ట గాదు తమ్ముడూ, కంటికి కనిపియ్యని ఏకకణ జీవి, కాబట్టి నట్టల మందు దాన్ని ఏం చెయ్యదు. ఆల్బెండజోల్ తాగిపిస్తే నట్టలు పోతయి, ఇది పోదు, పైగ సూడి మొదటి నెలల్ల ఆల్బెండజోల్ ఇయ్యొద్దు, అది వేరే ప్రమాదం. దీన్ని మొదట 1984 ల నార్వేల కుక్కపిల్లల్ల చూసిండ్రు, కాళ్లు చచ్చుబడిన పిల్లలు. 1988 ల పేరు పెట్టినోళ్లల్ల మన దేశంల పుట్టిన శాస్త్రవేత్త జె.పి. దూబే ఉన్నరు. కుక్క దీనికి అసలు ఆశ్రయం అని తేలింది మాత్రం 1998 ల. అంటే మేము చదువుకునేటప్పుడు మా పుస్తకాల్ల ఇది లేనే లేదు, అందుకే మా తరం డాక్టర్లల్ల చానామంది సూడి పోయిందంటే బ్రూసెల్లా, లేకపోతే ఎండ, లేకపోతే దెబ్బ, ఈ మూడు తప్ప ఇంకోటి తలుసుకోరు.

ఎట్ల వస్తదంటే, రోగమున్న మాయనో ఈసిన పిండాన్నో కుక్క తింటది, కొన్ని రోజులకు దాని పెండల గుడ్ల లాంటియి పడుతయి, మట్టిల రెండు మూడు రోజులల్ల అయి తయారై ఆ తర్వాత నెలల తరబడి బతికే ఉంటయి. ఆ పెండ గడ్డివామి మీదనో, దాణా మీదనో, నీళ్ల తొట్టిలనో పడ్డదనుకో, ఆవు కడుపుల పోతది. పోయినంక ఆవు మెదడుల, కండల చిన్న తిత్తులు కట్టుకొని పండుకుంటది, ఆవుకు ఏం గాదు, పాలిస్తది, ఎదకొస్తది. సూడి కట్టినప్పుడు కడుపుల పిల్లను నిలుపుకోనీకె తల్లి ఒంట్ల రోగనిరోధక శక్తి తీరు మారుతది, అప్పుడు ఇది లేస్తది, నెత్తురుల పడి మాయకు, మాయ దాటి పిల్లకు పోతది. పిల్ల చిన్నగున్నప్పుడు ఎక్కితే దానికి తట్టుకునే బలం ఉండదు, చచ్చిపోతది. మూడు నెలల లోపలైతే లోపలనే కరిగిపోతది, మనం మల్ల ఎదకొచ్చింది సూది పట్టలేదు అనుకుంటం, సూది ఏసినాయనను తిడతం. ఐదు ఆరు నెలలకైతే నువ్వు చూసినట్టు ఈసుకపోతది, కొన్నిసార్లు ఎండి మమ్మీ లెక్క అయి వస్తది. ఆఖరి నెలల్ల ఎక్కితే పిల్ల మంచిగనే పుడుతది, చూస్తే ఏ లోపం ఉండదు, కాని రోగం దాని ఒంట్లనే ఉంటది జీవితాంతం. ఎప్పుడన్న ఒకటి ముందు కాళ్లు వంకరపోయి, లేవలేక పుడుతది గాని అది అరుదు.

నీ పెయ్య సంగతి ఇక్కడనే ఉన్నది. రోగమున్న తల్లి బతికున్న దూడను కంటే దానికి ఎక్కే అవకాశం చానా ఎక్కువ, కొన్ని పరిశోధనల్ల నూటికి 80, 90 దాటింది. కాని నీ ఆవుకు ఆ పెయ్య పుట్టకముందే రోగం ఉన్నదా, తర్వాత కుక్కల నుంచి అంటిందా మనకు తెల్వదు. కాబట్టి ఊహించుడు వద్దు, పెయ్య రక్తం తీపియ్యి. ఆరు నెలలు దాటింది కాబట్టి జున్నుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు, అంటే రోగంతోని కొట్లాడనీకె ఒళ్లు తయారు చేసేటియి, ఇప్పటికి పోయి ఉంటయి, వాటిని చూసే ఎలైజా రక్త పరీక్ష పాజిటివ్ వస్తే అది దాని సొంతమే. తల్లి సీరం (నెత్తురు గడ్డకట్టినంక మీద తేరే నీరు), పెయ్య సీరం రెండు కలిపి పంపాలె. రాజేంద్రనగర్ పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీకో, హైదరాబాద్ శాంతినగర్‌ల ఉన్న వీబీఆర్ఐ అనే పశువుల పరిశోధన సంస్థకో మీ డాక్టర్ ద్వారనే పంపు, ముందు ఫోన్ చేసి ఈ పరీక్ష ఇప్పుడు చేస్తున్నరా అని ఆయనతోనే కనుక్కోపియ్యి.

మర్రిగూడ వాసి:
డాక్టర్ సార్, మాది ఫ్లోరైడ్ ఏరియా, మా దగ్గర ఏ ఆవుకు ఏమైనా బోరు నీళ్ల వల్లనే అంటరు. సూడి పోవుడు కూడ దాని వల్ల కాదా?

నల్లగొండ పశువుల డాక్టర్ (రిటైర్డ్):
ఫ్లోరైడ్ అయితే ముందు పండ్ల మీద గోధుమరంగు మచ్చలు, పండ్లు అరుగుడు, కాళ్లు కుంటుడు, ఎముకలు ఉబ్బుడు కనిపిస్తయి. నీ ఆవు నోరు తెరిచి చూడు, తెలుస్తది. నడక మంచిగ, మేత మంచిగ ఉన్న ఆవు సరిగ్గ ఆరో నెలల పిల్లను పోగొడితే నేనైతే ఫ్లోరైడ్ దిక్కు పోను.

కల్వకుర్తి డైరీ అక్క:
తమ్ముడూ మా దగ్గర ఇరవై దాకా ఆవులు ఉన్నయి, నేను ఒకటి చెప్త. నేను మొదటి నుంచి ఒక నోటుబుక్కు రాస్త, ఏ ఆవుకు ఎవరు తల్లి, ఎప్పుడు సూది, ఎప్పుడు ఈత, ఎప్పుడు పోయింది అన్ని. సూడి పోవుడు ఎక్కువైతే మా ఆయన దాణా మార్చిండు, కంపెనీ వాళ్లతోని కొట్లాట పెట్టుకున్నడు. నేను నోటుబుక్కు ముందలేసుకొని కూసుంటే, పోయినయన్నీ రెండు పాత ఆవుల బిడ్డలు, మనుమరాళ్లు. పక్క పక్కనే కట్టేసే, అదే తొట్టిల నీళ్లు తాగే వేరే ఆవులకు ఏం గాలే. దాణాదే తప్పైతే అందరికి కావాలె కదా? డాక్టర్ గారికి చూపిస్తే ఆయన కూడ ఇదే నియోస్పోరా అన్నరు, రక్తం పంపితే ఆ రెండు కుటుంబాలల్లనే పాజిటివ్ వచ్చింది.

కాబట్టి నీ ఆవు వరకేనా, మిగతా మూడింటిల కూడ ఏమన్న పోయినయా చూసుకో. ఒకేసారి నాలుగు ఐదు పోతే దాణాలనో నీళ్లలనో ఏందో పడ్డట్టు, లేకపోతే పెద్దాయన చెప్పిన బ్రూసెల్లా. తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి దాని బిడ్డకు వరసల పోతుంటే ఇది.

కుక్కల గురించి అందరు ఉత్తగ కుక్కలను తీసెయ్యమంటరు, అదెట్ల కుదురుతది? రాత్రి పూట పొలం కాడ కొట్టం ఉంటే కుక్క లేకపోతే మోటరు వైర్లు కూడ మిగలయ్. మేము ఏం చేసినమంటే దాణా బస్తాలు రూంల పెట్టి తలుపు, గడ్డివామి చుట్టు జాలి, నీళ్ల తొట్టి ఎత్తు పెంచినం. ఈనే టైముకు ఆవును వేరే కడతం, మాయ పడుడు ఆలస్యం పారతో ఎత్తి లోతు గుంతల సున్నం ఏసి పూడ్సుడే, మీద పెద్ద రాయి. రాత్రిపూట పడితే ఎవరూ లేవరు కాబట్టి ఆ వారం ఎవరో ఒకరు కొట్టంలనే పండాలె, మా ఆయనతోని దీని మీదనే రోజు పంచాయితి.

నల్లగొండ పశువుల డాక్టర్ (రిటైర్డ్):
ఈ అమ్మ నోటుబుక్కుకు దండం పెట్టాలె. ల్యాబ్ రిపోర్టు రాకముందే సగం రోగం ఆ పేజీలల్ల ఉంటది. ఒక ముక్క కలుపుత, ఆవు నుంచి పక్క ఆవుకు కొట్టంల ఇది అంటుకోదు, కాబట్టి పాజిటివ్ ఆవును ఊరవతల కట్టెయ్యాల్సిన పని లేదు.

పెబ్బేరు సంత బేరగాడు:
ఇంత లొల్లి ఎందుకు భాయ్. ఆవు చూస్తే మంచిగ ఉన్నది అంటున్నవు, సంతకు కొట్టు, పెయ్యను కూడ జత చేసి అమ్మితే రేటు వస్తది. కొన్నోని నసీబు. అందరు చేసేది అదే, నీకు వచ్చింది కూడ అట్లనే వచ్చి ఉంటది.

కల్వకుర్తి డైరీ అక్క:
అట్లనే ఊరూరికి తిరుగుతది ఇది. కొన్నోడు బ్యాంకు లోను తీసి కొంటడు, వాడి ఇంట్ల రెండేండ్లు దూడ లేకపోతే కిస్తీ ఎవరు కడతరు?

చిట్యాల పెద్దరైతు:
చెప్పి అమ్మితే వేరే సంగతి. సూడి పోగొడతది అని చెప్పి, పాలకు మాత్రమే కొనేటోనికి తక్కువకు ఇయ్యి. చెప్పకుండ సూడి కట్టిచ్చి ఐదో నెలల సంతల నిలబెట్టుడు దొంగతనం కిందనే లెక్క. బ్రూసెల్లా గిట్ల అయితే అసలు అమ్ముడే వద్దు, వాని పిల్లలు పాలు తాగుతరు.

మక్తల్ గొర్ల కాపరి:
సార్ మాయి గొర్లు, ఆవులు కాదు, అయినా అడుగుత. మా మందల పోయినేడు వానకాలం దాటినంక పది దాకా గొర్లు ఈసుకపోయినయి, కొన్ని ఈనినయి గాని పిల్లలు లేవలే. డాక్టర్ పిల్లుల నుంచి వచ్చే టాక్సో ఏదో అన్నడు. ఈ నియోస్పోరా అదేనా? మా ఇంట్ల కోడలు కడుపుతో ఉన్నది, ఆమెనే గొర్లకు నీళ్లు పెడతది.

నల్లగొండ పశువుల డాక్టర్ (రిటైర్డ్):
రెండు చూడనీకె అన్నదమ్ములు, కాని వేరే వేరే. టాక్సోప్లాస్మాకు పిల్లి అసలు ఆశ్రయం, గొర్లు మేకల్ల ఎక్కువ సూడి పోగొట్టేది అది. ఆవులు దానికి బాగనే తట్టుకుంటయి. నియోస్పోరాకు కుక్క, పోగొట్టేది ఎక్కువ ఆవుల్ల. నీకు ముఖ్యమైంది ఏందంటే టాక్సోప్లాస్మా మనిషికి ఎక్కుతది, కడుపుతో ఉన్నామెకు కొత్తగ ఎక్కితే పిల్ల కండ్లకు, మెదడుకు దెబ్బ. గొర్లల్ల బ్రూసెల్లా కూడ ఉంటది. కాబట్టి మీ కోడలిని గొర్లు ఈనే కాలం అయిపోయేదాక మంద దిక్కు పంపకు, ఈసిన పిల్లలను, మాయను అస్సలు ముట్టనియ్యకు, గొర్లు ఈనినప్పుడు ఏసుకున్న బట్టలు కూడ ఆమెతోని ఉతికియ్యకు. మాంసం బాగ ఉడికినంకనే పెట్టుండ్రి. ఆమెను చూసే డాక్టరమ్మకు మా ఇంట్ల గొర్లు ఈసినయి అని ఒక మాట చెప్పుండ్రి, ఆమె పరీక్ష రాస్తది. ఇది సిగ్గుపడే ముచ్చట కాదు.

దేవరకొండ బర్రెలు:
డాక్టర్ సార్ మా బర్రె దూడలకు పుట్టిన పదిహేను ఇరవై రోజులకే పెండల తెల్లగ పొడుగ్గ పాములు పడుతయి, పెండ బూడిద రంగుల, వాసన తట్టుకోలేం, బొజ్జ ఉబ్బి రెండు చచ్చినయి. గడ్డి కూడ ముట్టని దూడకు నట్టలు ఎక్కడి నుంచి వచ్చినయి, ఇది కూడ కడుపుల నుంచి వచ్చిందేనా?

నల్లగొండ పశువుల డాక్టర్ (రిటైర్డ్):
అవి ఏలికపాములు, టాక్సోకారా. తల్లి కడుపుల నుంచి అనే కంటే తల్లి పాల నుంచి అనాలె. పెద్ద బర్రె ఒంట్ల పిల్లపురుగులు నిద్రపోతుంటయి, ఈనే టైముకు పొదుగుల చేరి జున్నుపాలతోని, తర్వాత పాలతోని దూడ కడుపుల పోతయి. అందుకే గడ్డి తినని దూడకు వస్తయి. దీనికి మందు ఉన్నది, సంతోషం. పది పదిహేను రోజుల వయసుల పైపరజిన్ గాని పైరాంటెల్ గాని బరువును బట్టి మీ డాక్టర్ చెప్పినంత తాగిపియ్యి, పాములు కనపడేదాక ఆగకు. జున్నుపాలు మాత్రం ఆపొద్దు, నట్టలు వస్తయని జున్నుపాలు పట్టకుండ దూడలను చంపుకున్నోళ్లను చూసిన.

జడ్చర్ల కుర్రోడు:
సార్ మా ఫ్రెండు వాళ్ల దగ్గర దూడ పుట్టి నాలుగు రోజులే, 106 జ్వరం, మెడ కింద గడ్డలు, దాని మీద ఒక్క గోమారు కూడ లేదు. థైలేరియా అనే రక్తపు పరాన్నజీవి అన్నరు. అది కూడ తల్లి నుంచేనా?

నల్లగొండ పశువుల డాక్టర్ (రిటైర్డ్):
అప్పుడప్పుడు అట్ల కడుపులనే ఎక్కుతది, మన దేశంల రిపోర్టులు ఉన్నయి. మామూలుగ గోమార్ల నుంచే. లేట్ చెయ్యకుండ రక్తపు స్మియర్ (గాజు పలక మీద రక్తపు చుక్క పూసి చూసే పరీక్ష) తీపిస్తే బుపార్వాకోన్ సూది ఉన్నది, బతికే అవకాశం ఉంటది. తల్లికి కూడ స్మియర్ తీపియ్యమను.

మునుగోడు పాడి:
అందరికి మస్తు థ్యాంక్స్. అప్డేట్ ఏందంటే బ్రూసెల్లా నెగెటివ్ వచ్చింది. తల్లి, పెయ్య ఇద్దరి రక్తం తీసి డాక్టర్ గారు సీరం చేసి పంపిండ్రు, ఇంకా రాలే. మిగతా మూడు ఆవులు మంచిగనే ఉన్నయి, ఒకటి ఏడో నెల సూడి. అక్క చెప్పినట్టు నేను కూడ నోటుబుక్కు పెట్టిన, కాని ఈ ఆవు కొన్నది వేరే ఊరి నుంచి, దాని తల్లి ముచ్చట తెల్వదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఎత్తుతలేడు.

సార్, ఒకవేళ పెయ్య పాజిటివ్ వస్తే ఏం చెయ్యాలె? టీకా గిట్ల ఏమన్న ఉన్నదా? రిపోర్టు వచ్చేలోపల ఎదకొస్తే సూది ఏపియ్యాల్నా ఆగాల్నా?

నల్లగొండ పశువుల డాక్టర్ (రిటైర్డ్):
ఒక ఎద పోతే 21 రోజులకు మల్ల వస్తది, రిపోర్టు వచ్చేదాక ఆగు. ఆవులకు పనికొచ్చే టీకా ఇప్పుడు మనకు దొరకదు, మందు కూడ లేదు, సూది ఇస్తా పోతది అని ఎవరన్న పైసలు అడిగితే ఇయ్యకు.

తల్లి పాజిటివ్, పెయ్య నెగెటివ్ వస్తే పెయ్యను ఉంచుకో, కుక్కల సంగతి మాత్రం చూసుకో. ఒక్క నెగెటివ్‌తోనే పూర్తిగ నమ్మకు, యాంటీబాడీలు పెరుగుతయి తగ్గుతయి, సూడి కట్టినంక మధ్యల ఇంకోసారి తీపియ్యి. పెయ్య పాజిటివ్ వస్తే, బయటి దేశాలల్ల కొన్ని చోట్ల అసొంటి ఆవులను మందల నుంచి తీసేస్తరు, మనకు అది కుదరదు, నేను చెప్పను కూడ. పాజిటివ్ ఆవు అంత చెడ్డది కాదు తమ్ముడూ, సూడి పోయే ప్రమాదం మామూలు ఆవు కంటే మూడు నుంచి ఏడు రెట్లు ఎక్కువ అంటరు, అంటే ప్రతిసారి పోతదని కాదు. చానా ఆవులు ఒకసారి పోగొట్టి తర్వాత వరసగ ఈనుతయి. నీ ఆవుకు రెండుసార్లు పోయింది అంటే నీ నసీబు కొంచెం గట్టిది, అందుకే దాని మీద ఇంకో ఏడాది ఖర్చు పెట్టాల్నా వద్దా అనేది పాల లెక్క చూసి నువ్వే తేల్చుకోవాలె. పెయ్యను మాత్రం పాలకు వాడుకో, దానికి పుట్టే ఆడ దూడలను మందల నిలుపుకోకు. ఆ వరస అక్కడ తెంపితేనే కొట్టం శుభ్రమైతది. కొత్తగ కొనేటప్పుడు కూడ బ్రూసెల్లాతో పాటు దీనికీ రక్తం తీపియ్యి, అమ్మేటాయన ఒప్పుకోకపోతే ఆ బేరమే వద్దు.

ఇంకోటి, ఆ ఏడో నెల సూడి ఆవుకు ఏమన్న అయితే ఈసారి పిండాన్ని పారెయ్యకు, పూడ్సకు. గ్లౌజులు ఏసుకొని మందం పాలిథిన్ కవర్ల రెండు వరసలు కట్టి, ఐస్ పెట్టిన డబ్బల పెట్టు, ఫ్రీజర్ల గడ్డకట్టనియ్యకు, దొరికిన మాయ ముక్క వేరే కవర్ల. దాని మెదడు చూస్తేనే ఖచ్చితంగ చెప్తరు. పశువుల అంబులెన్సు నంబరు 1962 కు ఫోన్ చేస్తే బండి వస్తది గాని శాంపిల్ సంగతి ముందే చెప్పు.

కల్వకుర్తి డైరీ అక్క:
రిపోర్టు వచ్చినంక ఇక్కడనే పెట్టు తమ్ముడూ. నెగెటివ్ వస్తే ఏ సెమన్ ఏపియ్యాల్నో అప్పుడు మాట్లాడుకుందాం, మా దగ్గర జెర్సీ సూదికి పుట్టినయే ఎండకు మంచిగ ఆగుతున్నయి.

పెబ్బేరు సంత బేరగాడు:
సరే భాయ్, పాజిటివ్ వచ్చి తల్లిని అమ్మేది ఉంటే చెప్పు. నాకు తెలిసిన హోటలాయన ఒకాయన పాలకే చూస్తున్నడు, సూడి వద్దంటున్నడు, ఉన్నదున్నట్టు చెప్పే ఇప్పిస్త.